తొమ్మిదో నంబరు బూట్లు

హెడ్డుగారు పోయేరన్న కబురు మా పోలీసు స్టోరు వాళ్ళ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. కింద వరసగా అందరి దణ్ణాలు. ఆయన రిటైరైన రోజు తీసిన ఫోటో ఎవరో పెట్టేరు. మెళ్ళో బంతిపూల దండ, చేతిలో శాలువా, భుజాలమీంచి జారిపోతున్న ఖాకీ చొక్కా. ఉద్యోగంలో ఆఖరి రోజున కూడా ఆయన ఒంటికి అతికిన యూనిఫాం వేసుకోలేదు. అందరికీ ఇచ్చేక మిగిలిందే ఆయన తీసుకునేవారు. మిగిలేది ఎప్పుడూ పెద్ద సైజే.

నేనూ ఒక దణ్ణం పెట్టేను. కాసేపటికి తీసేసేను. మళ్ళీ పెట్టేను.

పోలీసులకి సర్కారు ఇచ్చే ప్రతి వస్తువూ, ఖాకీ గుడ్డ దగ్గర్నుంచి విజిల్ తాడు దాకా, ఎవరికి, ఏ రోజున, ఏ సైజులో ఇచ్చేమో రిజిస్టర్లో రాసిపెట్టడం ఆయన పని. సర్వీసులో సగం పైన ఆ రిజిస్టర్ల ముందే గడిచిపోయింది. దొంగని పట్టుకున్న కథ ఒక్కటీ ఆయన చెప్పగా నేను వినలేదు. ఎవరైనా ఆటపట్టించడానికి అడిగితే, "మన గదిలో దొంగతనం జరగనివ్వలేదండి. అదే మన డిటెక్షనండి" అనేవారు.

ప్రతి వస్తువూ ఇన్నాళ్ళు వాడాలని ఒక నియమం ఉంటుంది. ఆఫీసు కాగితాల్లో దానికేదో ఇంగ్లీషు మాట ఉంది. ఆయన మాత్రం ఆయుష్షు అనేవారు. కొత్త బెల్టు కావాలని ఎవరైనా వస్తే వాళ్ళ కార్డు తీసి, కళ్ళజోడు నుదుటిమీదికి తోసి, "మీ బెల్టుకి ఇంకా ఏడు నెలలు ఆయుష్షుందండి బాబూ. ఇప్పుడే చంపేస్తే ఎలాగండీ" అనేవారు. ఎదట ఉన్నది కానిస్టేబులైనా ఎస్సై అయినా ఆ 'అండీ' తప్పేది కాదు.

కోనసీమ గాలికి తోలు నిలవదు. వానాకాలంలో వారం రోజులు బీరువా తియ్యకపోతే బూట్లమీద తెల్లగా బూజు పట్టేస్తుంది. ఎండ కాసిన రోజున ఆయన వరండాలో బూట్లన్నీ జతలు జతలుగా ఆరబెట్టి, కొబ్బరినూనె రాసిన గుడ్డతో ఒక్కొక్కటీ తుడిచేవారు. జత విడిపోకుండా రెండిటి లేసులూ కలిపి ముడేసేవారు. ఆ పక్కనుంచి ఎవరైనా గబగబా నడిస్తే, "చిన్నగా అండీ, దుమ్ము రేగుద్ది" అనేవారు. అంతకు మించి ఆయన గొంతు లేవడం నేను ఎరగను.

ఆయన రిజిస్టర్లో ఖాళీ గడి ఉండేది కాదు. రాయడానికి ఏమీ లేకపోతే చిన్న గీతైనా గీసేవారు. "ఖాళీ వదిలేస్తే ఇంకెవరో వచ్చి నింపుతారండి. మన గడి మనమే నింపుకోవాలి" అనేవారు. పేజీ నిండగానే అరచెయ్యి కాగితానికి తగలకుండా, పైపైన నిమిరినట్టు ఒకసారి ఆడించేవారు. సిరా ఆరడానికనుకునేదాన్ని నేను. తర్వాత గమనిస్తే ఆయన రాసేది బాల్‌పెన్నుతో.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, మా ఆడపిల్లలం పదిమందిమి ఒకేసారి ఆ గదిలోకి వెళ్ళేం. ఆయన లేచి నిలబడ్డారు. తల మాత్రం పైకెత్తలేదు. బల్లతో చెప్తున్నట్టుగా అన్నారు:

"అమ్మాయిగార్లందరూ తలో చీటీ తీసుకోండమ్మా. నడుము, భుజము, పాదము, మీ కొలతలు మీరే రాసి నాలుగు మడతలు పెట్టి ఈ డబ్బాలో వెయ్యండి. నేను చూడనండి."

అది బిస్కట్ల డబ్బా. మూతమీద బొమ్మ చెరిగిపోయి ఉంది.

"చూడకపోతే ఎలా రాస్తారండీ?" అని నేనడిగేను. మిగతావాళ్ళు నవ్వేరు.

ఆయన నిజంగానే ఆలోచించేరు. "రాసేటప్పుడు చూస్తానమ్మా. ఊరికే చూడను" అన్నారు.

మాది రాజోలు దగ్గర. మా నాన్నగారు చర్చి బడిలో మాస్టారు. మగవాళ్ళు ఆడపిల్లల ముందు తల వంచుకోవడం నేను ప్రార్థనలో తప్ప చూడలేదు. ఆ రోజునుంచీ నాకాయనంటే ఒక గురి కుదిరింది. చీటీమీద 'పాదము: నాలుగు' అని రాసి డబ్బాలో వేసేను.

నాలుగో నంబరు బూట్లు రాలేదు. ఆ ఏడు రాలేదు, ఆ పై ఏడూ రాలేదు. పైనుంచి వచ్చే బస్తాల్లో ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది. ఆయన సరుకు కోసం పైకి పంపే ప్రతి ఇండెంటులోనూ ఎర్రసిరాతో 'మహిళా సిబ్బందికి 4, 5 నంబర్లు' అని రాసి కింద గీత గీసేవారు. బస్తా విప్పిన ప్రతిసారీ ఆఖరి జత దాకా తిరగేసి చూసేవారు. "ఆడపిల్లలు చేరేరని వాళ్ళకింకా తెలిసినట్టు లేదండి. చెప్తా ఉంటే తెలుస్తాది" అనేవారు. మేం మాత్రం బజార్లో కొనుక్కుని, నల్ల పాలిష్ పూసుకుని పెరేడుకి వెళ్ళేవాళ్ళం.

నేను చేరిన కొన్నేళ్ళకి, శ్రావణంలో గోదారికి వరదొచ్చింది. పి.గన్నవరం దిగువన లంకలకి వెళ్ళే కాజ్‌వేలు మునిగేయి. జనం నీళ్ళలోకి దిగకుండా ఆపడానికి మమ్మల్ని వేసేరు. వెళ్ళేముందు స్టోరులో వానకోటూ గమ్‌బూట్లూ తీసుకోవాలి. హెడ్డుగారు నా ముందు పెట్టిన జత తొమ్మిదో నంబరు.

"ఇవి బూట్లు కాదండి, పడవలు" అన్నాను.

ఆయన నవ్వేరు. ఆయన పళ్ళు చూడటం నాకదే మొదటిసారి.

"తొమ్మిదికి తక్కువ లేవమ్మా. వేళ్ళ దగ్గర గుడ్డ కుక్కుకోండి. నాలుగోది రాగానే మార్చేస్తాను."

రిజిస్టరు నావేపు తిప్పేరు. నా పేరు, నంబరు, వస్తువు, సైజు 9, అన్నీ రాసి ఉన్నాయి. చివర రెండు గళ్ళే మిగిలేయి. ఒకదాంట్లో 'సరిపోయినది' అని రాయాలి. పక్కదాంట్లో నేను సంతకం పెట్టాలి.

"సరిపోలేదు కదండీ" అన్నాను.

"సరిపోలేదని రాస్తే వెనక్కి తీసేసుకోవాలమ్మా. అప్పుడు మీరు వట్టికాళ్ళతో దిగాలి. వరదనీళ్ళలో పాములుంటాయి." పెన్ను నావేపు జరిపి, "రేపు తనిఖీ ఉందమ్మా. గడి ఖాళీగా ఉంటే నాకు మాటొస్తాది. పెట్టేయండమ్మా" అన్నారు.

ఆయన ఎన్నడూ ఎవర్నీ ఏదీ అడిగిన మనిషి కాదు. పెట్టేసేను. 'సరిపోయినది' అని ఆయనే రాసుకున్నారు. అరచెయ్యి పేజీమీద ఆడించేరు.

రెండోరోజు మధ్యాహ్నం ఒకావిడ గేదెని తోలుకుని కాజ్‌వే మీదికి దిగిపోయింది. దూడ అవతల లంకలో ఉండిపోయిందిట. నేను వెనకాలే దిగి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. మోకాలి లోతే, కాని ఉరవడి ఉంది. బూట్ల నిండా నీళ్ళు చేరిపోయేయి. రోడ్డు అంచు కోసుకుపోయినచోట కుడికాలి బూటు రాళ్ళమధ్య ఇరుక్కుంది. బూటు కదల్లేదు, అందులో నా పాదం మాత్రం గిర్రున తిరిగింది. ఆ చప్పుడు నీళ్ళ హోరులో కూడా నాకు వినపడింది. గట్టుమీదివాళ్ళు తాడేసి ఇద్దర్నీ లాగేరు. ఆవిడకేం కాలేదు. బూటు గోదాట్లో పోయింది.

మడమ దగ్గర రెండుచోట్ల విరిగింది. మూడుసార్లు ఆపరేషను చేసి ప్లేట్లు వేసేరు. మొదటి ఆదివారం హెడ్డుగారు ఆస్పత్రికి వచ్చేరు. తర్వాత ప్రతి ఆదివారం వచ్చేరు. చేతిలో నాలుగు కొబ్బరిబొండాలుండేవి. వార్డు గుమ్మం దగ్గరే నిలబడి, "అమ్మాయిగారికి ఎలా ఉందండీ" అని మా ఆయన్ని అడిగేవారు. మా ఆయన మొహం అటు తిప్పుకుని, "అలాగే ఉంది" అనేవారు. "ఆయ్" అనేసి, బొండాలు గుమ్మం పక్కన పెట్టి వెళ్ళిపోయేవారు. ఒక్కసారైనా లోపలికి రాలేదు. నేనూ రమ్మనలేదు.

నేను కర్రలమీద నడవటం మొదలెట్టేక విచారణ జరిగింది. ఇది డ్యూటీలో తగిలిన దెబ్బా, నా అజాగ్రత్త వల్ల అయిందా అన్నది తేల్చాలి. వచ్చిన అధికారి మంచివాడే, నన్ను కూర్చోబెట్టి మాట్లాడేడు. రిజిస్టరు తెప్పించి చూసేడు.

"మీకు బూట్లు ఇచ్చేరు. సరిపోయేయని రాసి ఉంది. ఇది మీ సంతకమే కదమ్మా?"

"నాదేనండి. కాని అవి తొమ్మిదో నంబరండి."

"సరిపోనప్పుడు సంతకం ఎందుకు పెట్టేరు?"

నేను హెడ్డుగారి వేపు చూసేను. ఆయన గోడవారన నిలబడి ఉన్నారు. జేబులోంచి మడతలు పెట్టిన చీటీ ఒకటి తీసి, ఆ మడతలు ఒక్కొక్కటీ విప్పి, బల్లమీద పెట్టేరు. నేను చేరిన కొత్తలో డబ్బాలో వేసిన చీటీ. అన్నేళ్ళూ దాచేరు.

"అమ్మాయిగారి పాదం నాలుగో నంబరండి. ఇది ఆవిడ రాతేనండి. తొమ్మిది సరిపోదని తెలిసే ఇచ్చేనండి. తప్పు నాదండి" అన్నారు.

అధికారి చీటీని అటూ ఇటూ తిప్పి చూసేడు. "హెడ్డుగారూ, దీనిమీద తేదీ లేదు, సంతకం లేదు. రిజిస్టరు మీద రెండూ ఉన్నాయి. పైగా మీ రిజిస్టర్లో తప్పుందని ఇన్నేళ్ళలో ఎవరూ అన్లేదు. ఈ చీటీని పట్టుకుని దాన్ని కాదనమంటారా?" అన్నాడు. వెటకారంగా అనలేదు. గౌరవంగానే అన్నాడు.

హెడ్డుగారు మళ్ళీ ఆ చీటీ మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు.

అజాగ్రత్త అని తేల్చేరు. పది నెలల సెలవు నా సొంత సెలవుల్లోంచే పోయింది. ప్రమోషను ట్రైనింగులో పరిగెత్తాలి. నేను పరిగెత్తలేను. నా డ్యూటీవల్లే కాలు పోయిందని కాగితం ఉంటే మినహాయింపు అడిగేదాన్ని, ఆ కాగితం లేదు. నా బ్యాచి వాళ్ళు ఒక్కొక్కరే హెడ్ కానిస్టేబుళ్ళయ్యేరు. నన్ను మాత్రం కూర్చుని చేసే పనికని స్టోరులో వేసేరు. ఆయన బల్లకి ఎదురుగా నా బల్ల.

ఏడాదిన్నర పైన అలా ఎదురెదురుగా కూర్చున్నాం. నేను రాకముందే నా కుర్చీ తుడిచి, కాలు చాపుకోడానికి ఒక ఖాళీ పెట్టె జరిపి ఉంచేవారు. నా కార్డు మీద పడ్డ తొమ్మిదిని నాలుగుగా సరిచేయమని పై ఆఫీసుకి ఉత్తరాలు రాసేవారు. జవాబు వచ్చేది కాదు. ఎప్పుడో ఒకటి వస్తే, విచారణ ముగిసినందున పరిశీలించడం కుదరదని. దాన్ని రెండుసార్లు చదివి, ఫైల్లో పెట్టి, మర్నాడు ఇంకోటి మొదలెట్టేవారు. భాష కాస్త మార్చేవారు. 'ప్రార్థన' ఉన్నచోట 'మనవి', 'మనవి' ఉన్నచోట 'విన్నపము'.

ఒకరోజు వానకి ఆఫీసంతా ఖాళీగా ఉంది. నేనే రిజిస్టరు తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టి, ఆ పేజీ తెరిచేను.

"ఎన్నుత్తరాలు రాస్తారండీ. 'సరిపోయినది' ముందు 'కొంతవరకు' అని ఒక్క మాట చేర్చండి. జాగా ఉంది. మళ్ళీ అర్జీ పెట్టుకుంటాను. మీ రాతేగా, ఎవరికీ తెలీదు" అన్నాను.

ఆయన పెన్ను తీసేరు. మూత వెనక్కి తగిలించేరు. పెన్ను కాగితం మీద ఆనించేరు కూడాను. కిటికీలోంచి జల్లు కొట్టి పేజీ అంచు తడుస్తోంది, పక్కకి జరపలేదు. చాలాసేపటికి పెన్ను కింద పెట్టేసేరు.

"చెయ్యి రావట్లేదమ్మా" అన్నారు.

"నా కాలు పోయిందండి."

"ఆయ్."

"మీకు గడే ముఖ్యమాండీ?"

ఆయన తడిసిన అంచుని జేబురుమాలుతో అద్ది, రిజిస్టరు మూసేసేరు. ఆ తర్వాత నెలరోజులు నేనాయనతో మాట్లాడలేదు. ఆయన రోజూ నా కుర్చీ తుడవటం మానలేదు. నెలాఖరుకి ఏదో కార్డు కోసం నేనే నోరు విప్పాల్సి వచ్చింది. ఆయన కార్డు అందించేరు, అంతే. మళ్ళీ ఆ పేజీ మాట మా మధ్య రాలేదు.

ఆయన రిటైరయ్యేక ఒకసారే కలిసేను. అమలాపురంలో గడియార స్తంభం దగ్గర ఆటో కోసం నిలబడి ఉంటే, ఎదర నుంచి వచ్చేరు. ఖాకీ లేకుండా చూడటం కొత్తగా ఉంది. తెల్లచొక్కా కూడా వదులుగానే ఉంది. చేతిలో మందుల సంచి.

"నాలుగో నంబరు వచ్చేయాండీ" అని అడిగేరు.

"లేదండి."

"ఆయ్." వెళ్ళిపోతారనుకున్నాను. వెళ్ళలేదు. సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. "అమ్మాయిగారూ, ఆ రోజున తనిఖీ లేదమ్మా" అన్నారు.

నాకు అర్థం కాలేదు.

"మీరు సంతకం పెట్టిన రోజు. మర్నాడు తనిఖీ ఉందని చెప్పేను కదమ్మా. లేదు. ఎవరూ వస్తామనలేదు. ఎవరూ నన్ను పెట్టించమనలేదు. ఆ పేజీలో మీదొక్కటే ఖాళీ ఉంది. నిండిపోతే చూసుకోడానికి బావుంటాదని..."

అన్నాళ్ళూ నేను పైవాళ్ళని తిట్టుకున్నాను. పేరు తెలియని ఆ తనిఖీ అధికారిని తిట్టుకున్నాను. భయపడి పెట్టించేరు పాపం, చిన్న ఉద్యోగి, ఏం చేస్తారు అనుకునేదాన్ని. ఆయన మీద నాకు మిగిలిన కాస్త జాలీ దానిమీదే నిలబడింది. ఆటో వచ్చింది. ఎక్కేసేను. ఆయన ఇంకా అక్కడే నిలబడి ఉన్నారని తెలుసు. వెనక్కి తిరిగి చూడలేదు. అలాంటి మాట ఎందుకు చెప్పేరో, చెప్పకుండా ఉంటే ఏం పోయేదో నాకిప్పటికీ తెలీదు. ఆయన్ని క్షమించేనని ఎవరైనా అనుకుంటే అది నిజం కాదు.

అయినా ఆయన పోయిన మూడోరోజున వాళ్ళింటికి వెళ్ళేను. ఉప్పలగుప్తం దాటి, రొయ్యల చెరువుల మధ్యనుంచి సన్నటి రోడ్డు. ఇంటి ముందు టెంటు కింద ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉన్నాయి. నేను వెళ్ళేసరికి ఎవరూ లేరు. ఒక కుర్చీలో కూర్చున్నాను. కాసేపటికి ఆయన భార్యని వాళ్ళమ్మాయి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. నేను లేవబోతే, "కూర్చోండమ్మా, కూర్చోండి" అని ఎదురుగా కూర్చున్నారావిడ. నా మొహం పరీక్షగా చూసేరు.

"మీరు స్టోరులో ఆయనకెదురుగా కూర్చునే అమ్మాయిగారు కదూ?"

"ఆయ్, అవునండి."

"మీ కాలు బాగయిందని తెలిసేకే ఆయన తిన్నగా అన్నం తిన్నారమ్మా. అంతదాకా ముద్ద దిగేది కాదు."

నేను కుడికాలు కుర్చీ కిందికి లాక్కున్నాను. ఆవిడే చెప్పేరు. "మీకు దెబ్బ తగిలిందని విని నేను మొక్కుకున్నాను. ఆ పిల్ల పాదం నేలమీద తిన్నగా ఆనేదాకా నేను చెప్పులు తొడగను స్వామీ అని. ఆయన వద్దన్నారు. నేను వినలేదు. నాకు షుగరు. అరికాలు పుండుపడి చీము పట్టేసింది. డాక్టరు గారు వేలు తీసేయాలన్నారు. అప్పుడొక రోజు ఈయన స్టోరునుంచి వస్తూనే గుమ్మంలోంచి చెప్పేరు. నయమైపోయిందే, మామూలుగా నడుస్తున్నారే అమ్మాయిగారు, ఇక చెప్పులేసుకో అని. ఆ ఆదివారమే అంతర్వేది తీసికెళ్ళేరు. గుడి బయట మెట్లమీద కూర్చోబెట్టి కొత్త చెప్పులు ఆయనే తొడిగేరు."

"ఎప్పుడండీ అది?" అని అడిగేను.

చెప్పేరు. నేను ఆయనతో మాట మానేసిన నెల.

"పూర్తిగా బాగయింది కదమ్మా?" అన్నారావిడ. అనుమానంతో అడగలేదు. నా నోటినుంచి ఒకసారి వినాలని అడిగేరు.

"ఆయ్. పూర్తిగా బాగయిందండి" అన్నాను.

ఆవిడ రెండు చేతులూ జోడించి కళ్ళకద్దుకున్నారు.

కాఫీ తాగేను. ఇక వెళ్ళాలి. ఆటో రోడ్డుమీదే ఉంది. టెంటునుంచి రోడ్డుకి పాతిక ముప్ఫై అడుగులు, మధ్యలో కొబ్బరికాయల పీచు డొక్కలు పరిచిన బాట. వచ్చేటప్పుడు కుంటుకుంటూ, ఒక చెయ్యి కంచెమీద వేసుకుంటూ వచ్చేను. ఇప్పుడు ఆవిడ గుమ్మం దాకా వచ్చి నిలబడ్డారు.

ముందు మడమ, తర్వాత వేళ్ళు. ట్రైనింగులో నేర్పినట్టు. చేతులు మామూలుగా ఊగేలా చూసుకున్నాను. సగం దూరంలో మడమలో ప్లేటు గుచ్చినట్టయి కళ్ళముందు తెల్లగా అయిపోయింది. ఆగితే తెలిసిపోతుందని ఆగలేదు. కంచె పట్టుకోలేదు. ఆటో దగ్గరికొచ్చి ఇనపరాడ్డు అందుకున్నాను.

"ఎక్కండి మేడం" అన్నాడు డ్రైవరు.

ఆటో ఎక్కాలంటే కుడికాలిని రెండు చేతులతోటీ పట్టుకుని ఎత్తి లోపల పెట్టుకోవాలి. వెనక్కి తిరిగి చెయ్యి ఊపేను, ఆవిడ లోపలికి వెళ్తారని. ఆవిడా చెయ్యి ఊపేరు. వెళ్ళలేదు. గుమ్మంలోనే నిలబడి, కళ్ళమీద చెయ్యి అడ్డం పెట్టుకుని నా కాళ్ళవేపే చూస్తున్నారు. నేనూ రాడ్డు పట్టుకుని అలాగే నిలబడ్డాను.